ఎడమచేత్తో

పుత్తూరులో కట్టు కట్టించుకోని
ఇంటికి పోయే బస్సు ఎక్కలేదు నేను.
కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురుబద్దలు,
కుడిచెయ్యి మెడకు ఉయ్యాలై వేలాడతా ఉంటే
నగరి బస్సు ఎక్కినా.
కండక్టరు చిల్లర ఇస్తే
ఏ చేత్తో తీసుకోవాల్నో తెలీలేదు.

చెయ్యెట్లా విరిగిందని అందరూ అడిగినారు.
చర్చి మెట్ల మీద జారినానని చెప్పినా.
అది నిజమే.
ఎందుకంత తొందరగా దిగినానో చెప్పలేదు.

లెక్కల పుస్తకానికి ఏడేండ్ల కింద
పాత క్యాలెండరు కాగితంతో నేనే అట్ట వేసినా.
మొన్నటి వానకు బీరువాలో నీళ్ళు దిగి
అట్ట ఊడొచ్చింది.
దాని కింద, మడత కూడా నలగని రసీదు.
చిత్తూరు ఇనుపకొట్టుది.
రేకులు ఇరవై నాలుగు, బోల్టులు, బండి బాడుగ,
పదకొండు వేల ఆరు నూర్లు చెల్లు.
అడుగున యోనా సంతకం.
'నా' దీర్ఘాన్ని కాగితం అంచుదాకా సాగదీస్తాడు వాడు.

ఆ రేకుల కిందనే నిలబడి
ఆ రేకుల లెక్కే అడిగినా వాణ్ణి,
ఆదివారం, ఆరాధన అయినాక, అందరూ ఉండంగా.
"రసీదు నీకే ఇచ్చినా కదన్నా" అన్నాడు.
సంఘపెద్దను. నా గొంతు పెద్దది.
"దేవుడి సొమ్ము తిన్నోడికి అరగదు" అన్నా.
కరుణమ్మ మాట్లాడకుండా చాప చుట్టింది.
వాళ్ళ చిన్నది బాప్తిస్మానికి
తెల్ల పావడా కుట్టించుకోని ఉండింది.
ఆ పావడా ఏమైందో నేను అడగలేదు.

ఏడేండ్లు రొట్టె విరిచి పంచినా బల్ల దగ్గర.
పంచినప్పుడల్లా వరుసలో ఒక చెయ్యి తక్కువ.
లెక్కలోణ్ణే,
అది మాత్రం లెక్కపెట్టలేదు.

నగరిలో వీధి వీధంతా మరమగ్గాలు.
గడప దగ్గర నిలబడి
దారి పొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పినా.
వాడు చెవికి చెయ్యి అడ్డం పెట్టి "ఏందీ?" అన్నాడు.
మోతలో వినబడలేదు.
మళ్ళా చెప్పాల్సొచ్చింది, అరిచి.
"తప్పు నాది యోనా! రసీదు నా దగ్గరే ఉండింది!"
పక్కింటోళ్ళు బయటికొచ్చినారు.
దారిన పొయ్యే ఆయన సైకిలు దిగినాడు.
ఆ దినం ఎంత గొంతు పెట్టినానో
సరిగ్గా అంత గొంతే పట్టింది.

వాడు మగ్గం ఆపినాడు.
కట్టు కింద మణికట్టు కొట్టుకునేది
నాకే వినబడింది.
రసీదు ఇచ్చినా. రెండు పక్కలా తిప్పి చూసినాడు.
"రేకులు ఇప్పుడేమన్నా కారతా ఉండాయా?" అన్నాడు.
అంతే అడిగినాడు.

లోపల గిన్నెల చప్పుడు గట్టిగా ఉండింది.
చాలాసేపటికి కరుణమ్మ తట్ట తెచ్చి
నా ముందర పెట్టింది,
పెట్టింది అనేదానికంటే వేసింది అనాల.
రాగిసంగటి, ఊరిబిండి.
ఎడమచేత్తో తినడం చేతకాక
ఊరకే చూస్తా కూర్చున్నా.
యోనా పీట జరుపుకోని వచ్చినాడు.
ముద్ద తుంచి, ఊరిబిండిలో అద్ది,
నా నోటి దగ్గర పట్టినాడు.
"కాలతా ఉండాది, ఊదుకో."

నేను పంచిన రొట్టెలో
ఏ ముక్కకూ ఇంత బరువు లేదు.

క్షమించినానని వాడు అనలేదు.
అనమని నేను అడగలేదు.
నలభై దినాలు కదిలించొద్దన్నారు పుత్తూరులో.
అతికేది లోపల్నించి అతుకుతాది,
ఊరికూరికే విప్పి చూసుకుంటే వంకరపోతాది అన్నారు.

ఆదివారం అదే రేకుల కింద
సంఘం ముందర అంతా చెప్పి
తాళాలు, పుస్తకం బల్ల మీద పెట్టి
కడాకరి చాప మీద పిలకాయల పక్కన కూర్చున్నా.
యోనా రాలేదు.
పాట రెండో చరణంలో కరుణమ్మ వచ్చింది.
నా పక్క చూడలేదు.
వెనకాలే వచ్చిన పిల్ల, ఆ చిన్నదే,
తలుపు దగ్గరే ఆగి
తల పైకెత్తి రేకుల్ని చూస్తా నిలబడింది,
ఇరవై నాలుగూ ఉన్నాయో లేదో
ఒక్కొక్కటే లెక్కపెడతా ఉన్నట్టు.